ఇల్లు ఖాళీ చేసే వారం

మా ఆయన ఇరవై ఏళ్లకు పైగా మిలిటరీలో ఉండి హవల్దారుగా రిటైరయ్యాడు. సరిహద్దులో ఆయన దేశాన్ని ఎలా కాపాడాడో నేను చూడలేదు. సర్కారు ఇచ్చిన క్వార్టర్లను ఎలా కాపాడాడో మాత్రం కళ్లారా చూశాను, చేతులారా కడిగాను కూడా.

బదిలీ అయిన ప్రతి ఊళ్లో మాకో క్వార్టర్ ఇచ్చేవారు. ఇచ్చే రోజున ఒక గుమాస్తా వచ్చి ఫ్యాన్లు, బల్బులు, కుళాయిలు, కిటికీ అద్దాలు, చివరికి తలుపు గడియలతో సహా రాసుకుని మా ఆయనతో సంతకం పెట్టించుకునేవాడు. మళ్లీ బదిలీ వచ్చి మేం వెళ్లిపోయే రోజున వచ్చి, రాసుకున్నవన్నీ ఉన్నాయా, పనిచేస్తున్నాయా అని ఒక్కొక్కటే చూసేవాడు. దాన్ని మార్చింగ్ అవుట్ అంటారు. మూటాముల్లె కట్టుకుని మేం గుమ్మం బయట నిలబడితే, లోపల ఆ మహానుభావుడు తీరిగ్గా స్విచ్చులు వేసి తీసేవాడు. ఏది పనిచేయకపోయినా జీతంలో కోత.

దీనివల్ల మిలిటరీ వాళ్లకు ఒక వింత అలవాటు పట్టుకుంది. ఉన్నన్నాళ్లూ కుళాయి కారుతూనే ఉంటుంది, తలుపు కిర్రుమంటూనే ఉంటుంది, ఎవరికీ పట్టదు. ఖాళీ చేసే వారం వచ్చిందంటే మాత్రం సుత్తులు, మేకులు, సున్నం బకెట్లు బయటికొస్తాయి. క్వార్టర్లలో ఎవరింట్లోంచైనా సుత్తి చప్పుడు వినిపిస్తే ఆడవాళ్లకు వేరే కబురు అక్కర్లేదు. వాళ్లు వెళ్లిపోతున్నారన్నమాట. సాయంత్రానికి ఏ పప్పో పచ్చడో చేసుకుని చూడబోయేవాళ్లం.

జబల్‌పూర్‌లో మా వంటింటి కిటికీకి అద్దం పగిలి ఉండేది. మేం అక్కడున్నన్నాళ్లూ ఆ కిటికీకి అట్టముక్కే గతి. అడిగినప్పుడల్లా మా ఆయన "చూద్దాంలే" అనేవాడు. ఖాళీ చేసే వారంలో అద్దం తెచ్చి చక్కగా బిగించాడు. అప్పుడు తెలిసింది నాకు, కిటికీ అవతల ఒక జామచెట్టు ఉందని. విరగకాసి ఉంది. అన్నేళ్లూ దానికి వీపు పెట్టి రొట్టెలు చేశాను. వెళ్లిపోయే పొద్దున ఆ చెట్టును చూస్తూ ఒక గ్లాసు చాయ్ తాగి, గ్లాసు కడిగి మూటలో పెట్టుకున్నాను.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో మొయినాబాద్‌లో, మెయిన్ రోడ్డుకు కాస్త లోపలికి, ఇల్లు కట్టుకున్నాం. మా పుట్టినూళ్లు రెండూ ఆ చుట్టుపక్కలవే. ఇల్లు చిన్నదే అయినా నా దృష్టిలో దానికున్న గొప్ప గుణం ఒక్కటే, అందులో ఫ్యాన్లు లెక్కపెట్టడానికి ఏ గుమాస్తా రాడు. గృహప్రవేశం నాడు నేను ప్రతి గోడకూ ఒక మేకు కొట్టించాను. క్వార్టర్లలో మేకు కొడితే జరిమానా. ఆ మేకులకు తగిలించడానికి మా దగ్గర అన్ని ఫోటోలు లేవు, అది వేరే సంగతి.

వంటింటి కిటికీ ఒక్కటే మొదటి వానకే చెక్క ఉబ్బిపోయి సరిగా మూసుకునేది కాదు. జల్లు కొడితే నీళ్లు సరాసరి పొయ్యి మీదికి. పాలు కాచేటప్పుడు గొడుగు పట్టుకున్న ఇల్లాలు తెలంగాణలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. "జర చిత్రిక పట్టియ్యరాదు" అని ఎన్నిసార్లు అడిగానో. ఆయన జవాబు మారలేదు. "చూద్దాంలే."

ఊరికే కూర్చుంటే మిలిటరీ మనిషికి తుప్పు పడుతుందని భయం. చేవెళ్లలో మా ఆయనతో బడిలో చదువుకున్న ఒక రైతు ఉన్నాడు. తరాలుగా భూములున్న ఇల్లు, ఏ ఎన్నికలొచ్చినా ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు నిలబడాల్సిందే. ఊరంతా ఆయన్ను అన్న అనే పిలుస్తుంది, నేనూ అంతే. ఆ అన్న పొలం కౌలుకు తీసుకుని, బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి, మా ఆయన పాలీహౌస్ వేశాడు. ఇనుప పైపుల మీద తెల్లటి ప్లాస్టిక్ షీటు కప్పిన పెద్ద పందిరి. దాని కింద జెర్బెరా పూలు. పెళ్లి మండపాల్లో కుర్చీల వెనక కనిపిస్తాయే, పేరు తెలియని పెద్ద పెద్ద రంగుపూలు, అవే.

నిజం చెప్పాలంటే మొదట్లో మహా సంబరంగా ఉండేది. ఆయన మొక్కలను వరసల్లో నిలబెట్టాడు. ఏ మొక్క వంకరగా ఉన్నా దాని ముందు ఆగి మీసం సవరించుకునేవాడు. పూలు కోసి అట్టపెట్టెల్లో సర్ది గుడిమల్కాపూర్ మండీకి పంపేవాళ్లం. ఆ ఏడాది మా ఇంట్లో కూర్చోవడానికి, సరుకులు దాచడానికి, చివరికి పిల్లి పడుకోవడానికి కూడా పూల అట్టపెట్టెలే.

తర్వాత కరోనా వచ్చింది. పెళ్లిళ్లు ఆగిపోయాయి. పూలకు ఆ కబురు ఎవరూ చెప్పలేదు, అవి పూస్తూనే ఉన్నాయి. కోసి ఆవులకు వేశాం. మొదటి రోజు తిన్నాయి, రెండో రోజు అవి కూడా మొహం తిప్పుకున్నాయి. సరే, మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యాయి, గట్టెక్కుతాం అనుకుంటున్న ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి పైన షీటంతా చీల్చి చుట్టుపక్కల పొలాల్లో ఆరేసి పోయింది. మా ఆయన ఆ వానలోనే నిలబడి పైపులకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆయన భుజాలు వంగడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఇంటికి తీసుకొచ్చి తల తుడిచాను.

కిస్తీలు ఆగిపోయాయి. పెన్షన్ తిండికి సరిపోయేది, అప్పుకు చాలేది కాదు. శంకర్‌పల్లి రోడ్డులో కొత్తగా కట్టిన విల్లాల గేటు దగ్గర ఆయన సెక్యూరిటీ పనికి కుదిరాడు. పొద్దున్నే ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్లి, వచ్చేపోయే కార్లకు సెల్యూట్ కొట్టేవాడు. "నీ ఇల్లు తాకట్టుల పెట్టి, మంది ఇండ్లకు కావలి కాస్తున్నవ్" అని నేను ఎగతాళి చేస్తే, "కావలి అంటె కావలే. ఎవరిల్లయితే ఏంది" అనేవాడు. ఆ మనిషితో దెబ్బలాడటం కూడా కష్టమే.

బ్యాంకు నుంచి కాగితాలు రావడం మొదలైంది. ముందు బతిమాలినట్టు, తర్వాత బెదిరించినట్టు. చివరికి ఒకటొచ్చింది. ఫలానా రోజు పొద్దున మా అధికారి వచ్చి ఇంటిని స్వాధీనం చేసుకుంటారు అని. దాన్ని చదివి మా ఆయన మడిచి జేబులో పెట్టుకుని, బట్టలు మార్చుకుని డ్యూటీకి వెళ్లాడు. నేను మాత్రం గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

సంగతి తెలిసి చేవెళ్ల నుంచి అన్న వచ్చాడు. ఆయనకు ఇదంతా నవ్వులాటగా ఉంది.

"అరె భాయ్, గిసొంటి కాయిదాలు ఈ రోడ్డు మీద సగం మందికి వస్తయ్. ఎవడన్న ఇల్లు ఇడిచి పోతడా? గేటుకు తాళమేసుకొని కూసో. నేను మనోళ్లకు ఫోన్ కొడ్త. ఫికర్ చెయ్యకు, ఏడాది గడుస్తది."

"వద్దన్నా. ఆర్డర్ అంటె ఆర్డరే" అన్నాడు మా ఆయన.

"నువ్వు రిటైరయినవ్. ఇప్పుడు నీకు ఆర్డర్ ఇచ్చేది నేనే" అన్నాను నేను.

ఆయన నవ్వలేదు. "అప్పు తీసుకున్నది నేను. సంతకం పెట్టింది నేను. ఎవడో వచ్చి గల్లా పట్టి ఎల్లగొట్టేదాంక కూసునుడు నాతోని కాదు. నడుసుకుంట పోత."

అన్న నావైపు చూశాడు, నేను నేలవైపు చూశాను. మొండితనం అనుకుంటే కోపమొస్తుంది. కానీ ఆ గొంతులో మొండితనం లేదు, సిగ్గు ఉంది.

మరుసటి పొద్దున నిద్ర లేచేసరికి టక్, టక్, టక్. సుత్తి చప్పుడు. ఆ చప్పుడు సంగతి నాకు తెలుసు కదా.

మా ఇంట్లో ఖాళీ చేసే వారం మొదలైంది. డ్యూటీకి సెలవు పెట్టి మరీ దిగాడు. కారే కుళాయిలకు వాషర్లు వేశాడు. నేను కొట్టించిన మేకులన్నీ పీకి, కంతలు పూడ్చి, గోడలకు సున్నం వేశాడు. గేటుకు నల్ల రంగు. మెట్లకు ఎర్ర రంగు. బ్యాంకు వాళ్లకు స్వాధీనం చేసే ఇంటిని పెళ్లింటిలా సింగారిస్తున్న మగవాణ్ణి చూడటానికి పక్కవీధి వాళ్లు కూడా వచ్చారు. ఒకావిడ నన్ను పక్కకు పిలిచి "బిడ్డకు రెండో కాన్పు గిట్ల ఉన్నదా ఏంది, ఇంటికి రంగులేస్తున్నరు?" అని అడిగింది. ఏం చెప్పను? తల ఊపాను.

అన్నింటికన్నా చివర వంటింట్లోకి వచ్చాడు. కిటికీ రెక్క ఊడదీసి, అంచులు చిత్రిక పట్టి, కొత్త బందులు వేసి బిగించాడు. వేలితో అలా నెడితే చాలు, మెత్తగా వెళ్లి మూసుకుంది. అది చూసేసరికి నాకు కడుపు మండిపోయింది.

"నేనడిగినన్ని దినాలు నీ చేతులకేమైంది? నా కోసం కాని పని బ్యాంకోళ్ల కోసం అయితదా?"

ఆయన చిత్రిక పొట్టు ఊడ్చుకుంటూ, తల ఎత్తకుండానే, "అప్పుడు తొందరేమున్నది?" అన్నాడు. "మనం ఈడ్నే ఉంటిమి గద."

నేను స్టవ్వు ఆపేసి బయటికి వచ్చి, ఎర్ర రంగు ఆరని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ చీరకు ఆ మరక ఇప్పటికీ ఉంది.

చెప్పిన రోజు పొద్దున్నే సామానంతా ట్రాలీ ఆటోలో చేవెళ్ల వెళ్లిపోయింది. పాలీహౌస్ పక్కన మందులు, పెట్టెలు పెట్టుకునే రేకుల షెడ్డు ఒకటుంది. మా కొత్త నివాసం అదే. మా అమ్మాయి వికారాబాద్‌లో ఉంది, కానీ అల్లుడింట్లో మకాం పెట్టడానికి మా ఇద్దరికీ మనసొప్పలేదు. ఆమెకు చెప్పను కూడా లేదు.

బ్యాంకు అధికారి వచ్చాడు. కుర్రాడే, మా అమ్మాయి వయసుంటుంది. వెంట ఇంకొకతను, చేతిలో జిగురు డబ్బా, కాగితం. మోటారు సైకిల్ దిగేటప్పుడే ఇద్దరి మొహాల్లోనూ గొడవకు సిద్ధపడి వచ్చిన బెరుకు ఉంది. మా ఆయన ఇస్త్రీ బట్టల్లో గేటు దగ్గర నిటారుగా నిలబడి "రండి సార్" అని తలుపు తీశాడు. ఒక్కో గదిలోకి తీసుకెళ్లి ఫ్యాను వేసి చూపించాడు. లైటు వేసి చూపించాడు. కుళాయిలు తిప్పాడు. ఆ పిల్లవాడు ఏం చేయాలో తెలియక, ఒక కుళాయి దగ్గర దోసిలి పట్టి నీళ్లు తాగాడు.

చివరికి మా ఆయన తాళంచెవుల గుత్తి ముందుకు చాచాడు. ప్రతి చెవికీ గది పేరు రాసిన చీటీ కట్టి ఉంది.

"ఇవేంటి సార్?" అన్నాడు ఆ అబ్బాయి.

"తాళాలు. చార్జి తీసుకోండి."

"అయ్యో సార్, మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరు? ఇయ్యాల మేం నోటీస్ అంటించి, ఒక ఫోటో తీస్కొని పోతం, అంతే. ఇది కాయిదం మీద స్వాధీనం. మీరు ఇంట్లనే ఉండొచ్చు."

"కాయిదం మీద ఒకటి, నేల మీద ఒకటి, రెండు తీర్ల స్వాధీనం ఉంటదా?"

"ఉంటది సార్. నా సర్వీసుల తాళాలు చేతికిచ్చినోళ్లు ఎవ్వరు లేరు. తీసుకునుడు నాకు రూల్ కూడ లేదు."

"ఇచ్చినంక వాపస్ తీసుకునుడు నాకు రూల్ లేదు."

ఇద్దరూ ఆ గుత్తి కేసి చూస్తూ నిలబడ్డారు. జిగురు డబ్బా పట్టుకున్నతను నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. తెల్లగా మెరిసిపోతున్న ఆ కొత్త సున్నం మీద నోటీసు అంటించడానికి అతనికి చేతులు రావడం లేదు. "మెల్లగ అంటించు, పెచ్చు లేవకుండ" అన్నాడు మా ఆయన.

నేను ఇక ఊరుకోలేకపోయాను. గుత్తి లాక్కుని కొంగుకు ముడేసుకున్నాను. "నేను మిల్ట్రీల చెయ్యలే. ఎవ్వరికి చార్జి ఇయ్యలే. ఇవి నా తాన ఉంటయ్" అన్నాను. ఆ బ్యాంకు పిల్లవాడు నాకేసి ఎంత కృతజ్ఞతగా చూశాడో.

అయినా మా ఆయన ఆ ఇంట్లోకి మళ్లీ అడుగుపెట్టలేదు. ఒకసారి మార్చింగ్ అవుట్ అయ్యాక అయిపోయినట్టేనట. ఇల్లు ఉంది, తాళాలు నా కొంగున ఉన్నాయి, పొమ్మన్నవాడు లేడు. మేం మాత్రం చేవెళ్లలో రేకుల షెడ్డు కింద, ఎరువు వాసనలో. ఇంత క్రమశిక్షణగా నిలువనీడ పోగొట్టుకున్న వాళ్లు ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి పలకరించి వస్తాను.

షెడ్డులో కష్టం లేదని అనను. వాన పడితే రేకుల మీద చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు, అదీ ఒకందుకు మంచిదే అయింది. ఒకరోజు మా అమ్మాయి వీడియో కాల్ చేసింది. వెనక చిరిగిన ప్లాస్టిక్ షీటు రెపరెపలాడుతోంది. "అమ్మా, ఎక్కడున్నరు?" అంది. మా ఆయన వెంటనే మొహం ముందుకు పెట్టి, "తోట కాడికి వచ్చినం బిడ్డా, హవా మంచిగున్నదని" అన్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి అంత చక్కగా చెప్పేసరికి నాకు నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక చూస్తే ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నా నవ్వు ఆగిపోయింది.

నేను వీలైనప్పుడల్లా చేవెళ్ల నుంచి బస్సెక్కి మొయినాబాద్ వెళ్లి ఇల్లు ఊడ్చి వచ్చేదాన్ని. అలా వెళ్లినప్పుడే గేటు ముందు కార్లు కనపడటం మొదలైంది. స్వాధీనం నోటీసు పేపర్లో పడిందట. బ్రోకర్లు, వాళ్ల వెనక నల్లకళ్లద్దాల వాళ్లు. ఒకాయన నన్ను పనిమనిషి అనుకున్నట్టున్నాడు. "ఇల్లు మస్తు కండిషన్ల ఉన్నది. వేలంల పడితే సస్తాకు కొట్టెయ్యొచ్చు. వేలం ఎప్పుడో తెలుసా నీకు?" అని అడిగాడు.

"నాకేం తెలుసు సార్" అని చీపురు గట్టిగా విదిలించాను. దుమ్ముకు ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. కానీ ఆ మాట లోపల నాటుకుంది. మేం పదిమందీ చూసేలా రంగులేసి పెట్టింది ఎవరో చవగ్గా కొట్టేయడానికన్నమాట. అప్పు తీరగా మాకంటూ చారెడు నేల మిగులుతుందో, లేక ఆ షెడ్డే శాశ్వతమో, వేలం నోటీసు పడేలోగా తేలిపోవాలి.

చీపురు మూలన పెట్టి నేరుగా బ్యాంకుకు వెళ్లాను. ఆ కుర్రవాడు నన్ను గుర్తుపట్టి లేచి కుర్చీ వేశాడు.

"బాబూ, ఒక్క మాట. వేలం కంటె ముందల మేమే అమ్ముకుంటె?"

"అమ్ముకోవచ్చమ్మా. వేలం నోటీస్ ఇంకా పడలే. కొనేటోడు మా బాకీ మాకు కడితే, కాయిదాలు ఇచ్చేస్తం. మిగిలింది మీదే. బయట రేటుకు, వేలం రేటుకు మస్తు ఫరక్ ఉంటది. ఆనాడే చెప్దమనుకున్న, సారు ఇంటేనా?"

"ఇప్పుడు కూడ ఇనడు. ఇచ్చిన ఇల్లు మల్ల నేనెట్ల అమ్ముత అంటడు." కాసేపు ఆలోచించాను. ఇన్నేళ్లు ఆ మనిషి పక్కన బతికిన దాన్ని, ఆయన తాళం ఎక్కడుందో నాకు తెలియదా? "బాబూ, నువ్వు నాకు ఒక సాయం చెయ్యాలె. ఫోన్ చేసి గీ ముచ్చట చెప్పు. కాని చెప్పినట్టు చెప్పకు. ఆర్డర్ వేసినట్టు చెప్పు."

ఆ పిల్లవాడు మొదట నవ్వాడు, తర్వాత అర్థమై గొంతు సవరించుకున్నాడు. నేను షెడ్డుకు చేరేసరికి మా ఆయన పైపుల మధ్య ఫోను చెవికి పెట్టుకుని నిటారుగా, మడమలు దగ్గరికి చేర్చి నిలబడి ఉన్నాడు. "రైట్ సర్. రైట్ సర్. వేలం లోపల. రైట్ సర్." ఫోను పెట్టేసి నావైపు తిరిగాడు.

"ఆర్డర్ వచ్చింది. ఇల్లు మనమే అమ్మాల్నట."

"అట్లనా! ఎవరిచ్చిండ్రు?" అన్నాను, వీలైనంత అమాయకంగా.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. తెలిసిపోయిందని నాకు తెలిసింది. అయినా వెళ్లి బూట్లు పాలిష్ చేసుకున్నాడు. ఆర్డర్ ఆర్డరే కదా.

బేరానికి అన్న మధ్యవర్తిగా నిలబడ్డాడు. అదీ ఆయనకు బాగా వచ్చిన పని. గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేసే ఒక జంట కొన్నారు. వాళ్లు ఇంటిని చూడగానే ఒప్పుకున్నారు, రంగు, కుళాయిలు, గేటు అన్నీ నచ్చాయి. అంటే మా ఆయన సున్నం బకెట్టే మా బేరాన్ని నిలబెట్టింది. ఆ మాట నేను ఆయనతో ఇంతవరకూ అనలేదు, అంటే ఇక పట్టలేం.

తాళాలిచ్చే రోజున, ఆర్డర్ ఉంది కనక, ఆయన మళ్లీ ఆ ఇంట్లో అడుగుపెట్టి కొన్నవాళ్లకు కూడా ఫ్యాన్లన్నీ వేసి చూపించాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఆ కిటికీని ఒకసారి తెరిచి, ఒకసారి మూశాను. ఎంత బాగా మూసుకుందో. బాగైన కిటికీని నేను వాడింది రెండు మూడు రోజులే. కొంగు ముడి విప్పి తాళాలు ఇచ్చాను. కొన్న అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "అప్పుడప్పుడు రండి ఆంటీ" అంది. మంచి పిల్ల. నేను వెళ్లలేదు, వెళ్లను కూడా. నా ఇంట్లో అతిథిగా కూర్చుని చాయ్ తాగేంత పెద్ద మనసు నాకు లేదు.

బాకీ తీరగా మిగిలిన దాంతో చేవెళ్లలో, కూరగాయల మార్కెట్ వెనక సందులో, రెండు గదుల పాత ఇల్లు కొన్నాం. పొద్దున్నే టమాటా పెట్టెలు దించే అరుపులతో మెలకువ వస్తుంది. గోడలు పెచ్చులూడుతున్నాయి. వంటింటి కిటికీకి, మీరు ఊహించిందే, అద్దం లేదు. వచ్చిన రోజునే జెర్బెరా పెట్టె అట్ట ఒకటి కత్తిరించి నేనే అంటించాను. మా ఆయన్ను అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు. నిజానికి ఆ అట్టను చూస్తే నాకు ధైర్యంగా ఉండేది. అది ఉన్నంతకాలం మేం ఎక్కడికీ వెళ్లడం లేదన్నమాట.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం, నేను మార్కెట్‌కు వెళ్లి ఆకుకూరలతో సందు మలుపు తిరిగేసరికి మా ఇంట్లోంచి టక్, టక్, టక్.

కూర సంచి చేతిలో ఉందో జారిందో తెలియలేదు. పరుగెత్తాను. నా వయసులో పరుగెత్తకూడదని డాక్టరు చెప్పాడు, ఆ డాక్టరుకు సుత్తి చప్పుడు సంగతి తెలియదు. వంటింట్లో నేల మీద నా అట్టముక్క పడి ఉంది. మా ఆయన పళ్ల మధ్య మేకులు పట్టుకుని కిటికీకి కొత్త అద్దం బిగిస్తున్నాడు.

"ఏమైంది?" అన్నాను. "మల్లేమన్న కాయిదం వచ్చిందా? యాడికి పోవాలె?"

ఆయన పళ్ల మధ్య నుంచి మేకులు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నా మొహం చూసి కంగారుపడ్డాడు.

"కాయిదం లేదు, గీయిదం లేదు. నీ పొయ్యి మీద గాలి కొడుతున్నది గద" అన్నాడు. "యాడికీ పోము."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో, బదిలీ కాగితం లేకుండా, గుమాస్తా రాకుండా, బ్యాంకు అడగకుండా మా ఆయన అద్దం బిగించడం ఇదే మొదటిసారి. ఆయన మిగతా మేకులు కొడుతూ ఉంటే, ఆ చప్పుడు ఆగేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాను.

అద్దం అవతల ఏముందో చూశాను. జామచెట్టు లేదు. పక్కింటి గోడ, దాని మీద ఆరేసిన ఒక దుప్పటి, గోడ పక్కన ఖాళీ టమాటా పెట్టెలు. చాయ్ పెట్టమన్నాడు. రెండు గ్లాసులు పెట్టాను. తాగాక కడిగి, గూట్లో బోర్లించాను.